బాలకథలలో సాహసబాలిక : ‘పూర్ణ’ చలనచిత్ర విమర్శనము

పసుపుపంటకు పేరొందిన ఆర్మూరు పట్టణము నానుకొని నల్లని బండలగుట్ట యొకటి కలదు. నవనాథులను సిద్ధులు దానిపై తపస్సు చేసిరనియు, ఆరును మూడును కలిసి తొమ్మిది యగుటచే ఊరికా పేరు వచ్చెననియు స్థానికులు చెప్పుదురు. ఊరిపిల్లలు వినుచు పెరుగు నీ గుట్టకథలో తొమ్మండుగురును పురుషులే.

అదే నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమున జన్మించిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటి కామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్నవయస్సున ఆ శిఖరమును చేరిన బాలిక అంతకుముందు లేదు. ఈ వృత్తాంతమును రాహుల్ బోస్ 2017లో ‘పూర్ణ’ యను హిందీ చలనచిత్రముగా రూపొందించెను.

స్త్రీల చరిత్రలు వ్రాయుటలో తెలుగునకు 1901 నాటికే యొక కొలబద్ద యేర్పడినది. స్త్రీలు బలహీనులు, అవివేకులు అనువారికి ప్రత్యుత్తరముగా బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను కూర్చినది. పేరున ‘అబల’ యని యుంచి లోపల దానిని ఖండించుట ఆ గ్రంథమందలి చమత్కారము. ఆమె స్త్రీలు చేసిన కార్యములను ముందుంచినది, జాలిని కాదు.

ఆ కొలబద్దతో చూచిన, చిత్రముయొక్క పూర్వార్ధము మెచ్చదగినది. రుసుము చెల్లింపలేక పూర్ణయు జ్ఞాతిసోదరి ప్రియయు బడి నూడ్చుట, గురుకుల పాఠశాలకు పారిపోవ నెంచుట, ప్రియకు బాల్యముననే పెండ్లి యగుట మున్నగునవి పిల్లల కంటితో చూపబడినవి. ప్రియ మరణము తరువాత కథ త్రోవ మారును. దర్శకుడే ధరించిన అధికారిపాత్ర ముందునకు వచ్చును. కొండ వెనుకకు పోవును. భువనగిరి బండపై మొదలైన శిక్షణకును, డార్జిలింగున గడించిన విద్యకును, లడఖ్ చలికిని తగినంత తావు దొరకలేదు.

ఇది చిన్న లోపము కాదు. ఆర్మూరు బాలిక దినదినము చూచు బండవంటిదే భువనగిరి బండయు. త్రాడెట్లు కట్టుదురు, కాలెక్కడ మోపుదురు, భయ మెట్లు తగ్గును? వీనిని చెప్పిన కథ ఆమెకు పనికివచ్చును. శిఖరమును మాత్రమే చూపిన కథ సిద్ధుల మహిమలలో మఱియొకటిగా నిలుచును. మఱియు లంబాడీ తండాలో పెరిగి తెలుగు బడిలో చదివిన బాలిక తెరపై హిందీ పలుకును. వ్యాపారదృష్టితో నది తప్పనిసరి కావచ్చును. తోట అపర్ణ 2019లో వెలువరించిన జీవితచరిత్ర ఆంగ్లమున నున్నది. జిల్లాపిల్లలకు రెండును చుట్టుత్రోవలే.

అయినను తెర యెవరి నెన్నుకొనునో చూచినప్పుడు ఈ చిత్రమునకు గౌరవము హెచ్చును. వంగభాషనే చూడుడు. 1913లో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి స్థాపించిన ‘సందేశ్’ బాలలపత్రిక 1961లో మరల వెలువడిన పిమ్మట, లీలా మజుందార్, నళినీ దాస్ అను విదుషీమణులు సత్యజిత్ రాయ్‌తో కూడ దానికి సంపాదకత్వము వహించిరి. నళినీ దాస్ నలుగురు బడిపిల్లలను అపరాధపరిశోధకురాండ్రనుగా చేసి ‘గొండాలు’ కథలు వ్రాసినది. రాయ్ వ్రాసిన ఫెలూదా కథలలో స్త్రీపాత్రలు మిక్కిలి యరుదు. కాని 1974లో ‘సోనార్ కెల్లా’తో వెండితెరను, 1986లో హిందీ ధారావాహికతో దూరదర్శనమును ఎక్కినవాడు ఫెలూదాయే. బాలికల కథలు లేకపోవుట యొక లోపము; ఉండియు తెర కెక్కకుండుట వేఱొకటి. ‘పూర్ణ’ యీ రెండవదానినుండి తప్పించుకొన్నది.

చిత్రము 2014 నాటి శిఖరముతో ముగియును. పూర్ణ అచట నాగలేదు. 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలి నెక్కి, ఏడు ఖండముల అత్యున్నత శిఖరముల నన్నిటిని చేరినది. మిగిలిన ఆఱు కొండల కథను చెప్పబూనువారికి ప్రియ మరణమువంటి కరుణఘట్టము తోడ్పడదు. వారు త్రాటిని, మంచును, ఊపిరిని వర్ణింపవలసియుండును.