శీలమా, ఫలమా? ఒక ఆయక స్తంభ సాక్ష్యం

బౌద్ధ నీతిని అరిస్టాటిల్ సద్గుణ నీతితో పోల్చిన డేమియన్ కియోన్ గ్రంథం ‘ది నేచర్ ఆఫ్ బుద్ధిస్ట్ ఎథిక్స్’ 1992లో వెలువడింది. శీలం నిర్వాణానికి కేవలం సాధనం కాదు, ప్రజ్ఞతో పాటు అందులో అంతర్భాగమే అన్నది ఆయన వాదం. అందుచేతనే పుణ్యం గృహస్థులకు, నిర్వాణం భిక్షువులకు అనే విభజనను ఆయన తిరస్కరించారు. 2009లో చార్లెస్ గుడ్‌మన్ దీనికి భిన్నంగా, సర్వప్రాణుల క్షేమమనే ఫలమే బౌద్ధ నీతికి కొలమానమన్నారు.

ఇరువురూ ప్రధానంగా గ్రంథాలనే ఆశ్రయించారు. శాసనాన్ని కూడా సాక్ష్యంగా స్వీకరించవలసి ఉంది. 3వ శతాబ్దిలో నాగార్జునకొండ మహాచైత్యం వద్ద ఆయక స్తంభం నిలిపిన ఇక్ష్వాకు రాజసోదరి చాంతిసిరి, ఆ ఒక్క దానంతోనే తన ఉభయకులాలకు ఇహపర సుఖాన్నీ, తనకు నిర్వాణాన్నీ, సర్వలోకానికి హితాన్నీ కోరింది.

గృహిణి నిర్వాణాన్ని కోరడం కియోన్ వాదానికి బలం. కాని సద్గుణం దాత సొత్తు. ఆ దానఫలాన్ని ఇతరులకు ధారపోయడాన్ని ఆయన పోలిక వివరించలేదు. సర్వలోకహితం గుడ్‌మన్‌కు అనుకూలమే. అయితే నిష్పక్షపాతమైన ఆ కొలమానంలో స్వకులానికి ప్రత్యేక స్థానం ఎందుకు?

ఇది శాసనాల పరిపాటి వాక్యమే కదా అనవచ్చు. పరిపాటి కావడమే దాని విలువ: అది ఒక వ్యక్తి భావం కాదు, ఒక సమాజం అంగీకరించిన నీతి. సిద్ధాంతానికి తగినట్లు దాతను మలచరాదు. దాత మాటతోనే సిద్ధాంతాన్ని పరీక్షించాలి.