మారే కొలబద్ద - మారని శ్రోత

కళాకారుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు. ఒకప్పుడు రాజు, జమీందారు. ఆ తర్వాత నాటక కాంట్రాక్టరు, నవలల ప్రచురణకర్త, వారపత్రిక సంపాదకుడు. ఇవాళ ఆ స్థానంలో ఒక లెక్క నిలబడింది. దాన్నే అల్గారిథమ్ అంటున్నాం. ఎవరి ముందు ఏ వీడియో పెట్టాలో అది నిర్ణయిస్తుంది. తెలుగులో దీనికి 'సిఫారసు' అనే పాత మాట చక్కగా సరిపోతుంది. సిఫారసు ఉన్నవాడికే తలుపు తెరుచుకునే లోకం మనకు కొత్తది కాదు గదా!

రచయితలూ, సాహిత్య విద్యార్థులూ ఇవాళ కథలు చదివి వినిపిస్తూ, పద్యాలకు అర్థం చెబుతూ చిన్న చిన్న వీడియో చానళ్లు నడుపుతున్నారు. 'ఎంత శ్రమపడినా నలుగురికి చేరడం లేదు, అల్గారిథమ్ మళ్లీ మారిందట' అనే మాట వాళ్ల నోట తరచు వినిపిస్తున్నది. ఇది సాంకేతిక నిపుణులు చూసుకోవలసిన వ్యవహారమని విమర్శకులు పక్కకు తప్పుకుంటున్నారు. అది సరికాదు. కొలబద్ద మారినప్పుడల్లా కళారూపం మారుతున్నది. రూపం మారితే ప్రయోజనం మారుతుంది. కనుక ఇది విమర్శ పట్టించుకోవలసిన విషయమే.

ముందు జరిగిన చరిత్ర చూద్దాం. యూట్యూబ్ 2005లో పుట్టింది. 2006లో గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొన్నది. మొదటి సంవత్సరాల్లో ప్రధానమైన కొలబద్ద ఒక్కటే: వీడియోను ఎన్నిసార్లు నొక్కారు? దాని ఫలితం ఊహించడం కష్టం కాదు. లోపల లేని బొమ్మను పైన అతికించారు. జరగని సంగతిని శీర్షికలో రాశారు. 2012లో ఈ కొలబద్ద మారింది. నొక్కిన సంఖ్యకన్నా చూసిన సమయానికి విలువ పెరిగింది. మోసపు శీర్షికలకు కొంత దెబ్బ తగిలింది. ఆ మేరకు అది మంచి మార్పే. కాని అయిదు నిమిషాల్లో చెప్పవలసిన దాన్ని పదిహేను నిమిషాలు సాగదీసే అలవాటుకు కూడా ఆ మార్పే ఊతమిచ్చింది. 2016లో గూగుల్ ఇంజనీర్లు స్వయంగా ప్రచురించిన ఒక పరిశోధన పత్రం ఈ యంత్రం పని తీరును వివరించింది. లక్షలాది వీడియోల్లోంచి కొన్ని వందల్ని ఏరడం మొదటి దశ. ఏరిన వాటిని ఒక వరసలో పెట్టడం రెండో దశ. ఈ మనిషి దీన్ని ఎంతసేపు చూడవచ్చు అన్న అంచనా మీద ఆ వరస ఆధారపడింది.

2018లో మరొక గీత గీశారు. ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నారు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఇరవై నిమిషాల కథను ఏడాదిలో 12,000 సార్లు ఎవరో ఒకరు చివరిదాకా వింటే తప్ప ఆ గీత దాటలేం. 2020 జూన్ 29న మన దేశ ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. పల్లెల్లో, బస్తీల్లో ఆడి పాడి పేరు తెచ్చుకున్నవాళ్లు తమ ప్రేక్షకులను రాత్రికి రాత్రే పోగొట్టుకున్నారు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ తన 'షార్ట్స్'ను ముందుగా మన దేశంలో ప్రవేశపెట్టింది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడడం మొదలైతే చాలు, అది ఒక వీక్షణ కింద లెక్కకు వస్తున్నది. డబ్బు లెక్క వేరే ఉన్నా, పైకి కనిపించే అంకె ఇదే. అంటే 'చూడడం' అనే మాటకే అర్థం మారిపోయిందన్నమాట.

ఈ మార్పులు రూపాన్ని ఎలా మలుస్తాయో మన సాహిత్య చరిత్ర తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. వారపత్రికల సీరియల్ నవలనే తీసుకుందాం. ప్రతి వారం చివర ఉత్కంఠ పెట్టి 'సశేషం' అనడం దాని శిల్పం. ఎందుకంటే ఆ వారం సంచికకు పాఠకుడు డబ్బు ముందే చెల్లించాడు, వచ్చే వారం డబ్బు కోసం ఎర చివర్లో ఉండాలి. వీడియోలో చెల్లింపు సెకను సెకనుకూ జరుగుతుంది. అందుకని ఎర చివరినుంచి మొదటికి జరిగింది. తొలి క్షణాల్లో అరుపు, అదిరిపాటు, 'చివరిదాకా చూడండి' అనే బతిమాలడం ఇక్కడినుంచే పుట్టాయి. వీటిని వ్యక్తుల చౌకబారుతనంగా మాత్రమే చూసే విమర్శ అసలు కారణాన్ని చూడలేదు.

అయితే బలమైన ప్రారంభమంతా ఎరేనా? కాదు. గురజాడ 'దిద్దుబాటు' 1910లో అచ్చయింది. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన భర్త తలుపు తీయమని పిలవడంతో కథ మొదలవుతుంది. ఇంతకన్నా పట్టి నిలిపే ఎత్తుగడ ఏముంటుంది? కాని ఆ ఎత్తుగడ చేసిన వాగ్దానాన్ని కథ నిలబెట్టుకుంటుంది. ఆ పిలుపుకు జవాబు ఎందుకు రాలేదో తెలుసుకునే క్రమంలోనే ఆ భర్త తనను తాను చూసుకోవలసి వస్తుంది. కథ తీర్చే అప్పు మంచి ప్రారంభం. తీర్చే ఉద్దేశం లేని అప్పు ఎర. విమర్శకుడు గీయవలసిన గీత ఇక్కడ.

ఈ మాటలు అనే అర్హత నాకు ఒక తప్పు చేసి వచ్చింది. నాలుగేళ్ల కిందట నేనూ, తోటి ఉపాధ్యాయుడొకాయనా కలిసి పాత తెలుగు కథలు చదివి వినిపించే చానల్ ఒకటి మొదలుపెట్టాం. వినేవాళ్లు కొన్ని వందల మంది. ఆ సంఖ్య కదలడం లేదని, పొట్టి వీడియోలకే కాలమని నలుగురూ అంటుంటే మేమూ కథలను ముక్కలు చేశాం. 'దిద్దుబాటు' చివర మంచం కిందనుంచి భార్య నవ్వు వినిపించే ఘట్టాన్ని ఒక్క నిమిషంలో పెట్టాం. వందల చోట వేలు కనిపించాయి. మేం పొంగిపోయాం. కాని ఆ నిమిషంలో మిగిలింది హాస్యం, పోయింది దిద్దుబాటు. భర్తలో కలిగిన పశ్చాత్తాపం లేకుండా ఆ ముగింపు వట్టి పిల్లచేష్ట. ఆ వేలమందిలో తర్వాతి పూర్తి కథకు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పాతవాళ్ల సంగతి అప్పటికి మాకు తట్టలేదు. మా వీధిలో బీడీలు చుట్టే ఒక తల్లి ఉంది. ఆమె కొడుకు నా విద్యార్థి. ఒళ్లో చాట, పక్కన ఫోను పెట్టుకుని మా కథలు వినేదని నాకు తెలియదు. ఒకరోజు బడి దగ్గర ఆపి అడిగింది: "సారూ, కత పురాగ చదువుతలేరేంది? గిట్ల మొదలువెడుతున్రు, గట్ల ఆపుతున్రు. చేతులకు తంబాకు ఉంటది, గడిగడికి ఫోన్ ఎట్ల ముట్టాలె?"

ఏ పాఠ్యగ్రంథమూ చెప్పని విమర్శ ఇది. చేతులు పనిలో ఉండి చెవులు ఖాళీగా ఉన్న మనిషికి నిడివి భారం కాదు, తోడు. ఆమెను మేం లెక్కలో ఒక అంకెగా కూడా గుర్తించలేదు.

'అల్గారిథమ్ ప్రేక్షకుణ్ణే అనుసరిస్తుంది, కాబట్టి ప్రేక్షకుణ్ణి మెప్పిస్తే చాలు' అని ఒక వాదం ఉంది. ఇది సగం నిజం. అది ప్రేక్షకుడి నుంచి తాను కొలవగలిగిన దాన్ని మాత్రమే అనుసరిస్తుంది. నొక్కడాన్ని కొలుస్తుంది, ఆగడాన్ని కొలుస్తుంది. సర్వేలు పెట్టి తృప్తి పడ్డారా అని అడుగుతుంది కూడా. కాని ఒక కథ విన్న మనిషి వారం తర్వాత తన ఇంట్లో ఎలా మెలిగాడో దానికి తెలియదు. సాహిత్య ప్రయోజనం మొదలయ్యేది అక్కడే.

అలాగని లెక్కలను తిట్టి కూర్చోవడం కూడా పొరపాటు. బుర్రకథ చెప్పే కథకుడు జనం ముఖాలు చూస్తూ చెబుతాడు. కునుకుపాట్లు కనబడితే హాస్యం చెప్పే వంత అందుకుంటాడు. షేక్ నాజర్ వంటి కళాకారులు జనాన్ని చదవడం కళలో భాగమని నిరూపించారు. శ్రోతలు ఏ నిమిషంలో వెళ్లిపోతున్నారో చూపే గీతను చానల్ నడిపేవాళ్లు అలాగే చదువుకోవాలి. మా కథలకు ముందు నేను చేసే మూడు నిమిషాల ఉపన్యాసం దగ్గరే చాలామంది లేచిపోతున్నారని ఆ గీత చూశాకే నాకు తెలిసింది. ఉపన్యాసాన్ని కథ తర్వాతకు మార్చాను. కథలో ఒక్క మాట మార్చలేదు. ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో తెలియడమే ఇక్కడ వివేకం.

పొట్టి రూపం నీచమని కూడా నేననను. 1970ల చివర మినీ కవిత వచ్చినప్పుడు ఇదే చర్చ జరిగింది. చిన్నదై సమగ్రంగా ఉన్నది నిలిచింది, పెద్ద కవితకు తోకలా ఉన్నది పోయింది. ఒక్క నిమిషంలో చెప్పదగినది ఉంటే ఒక్క నిమిషానికే రాయాలి. కథను కోసి ముక్క పెట్టడం రచన కాదు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' ఈ సందర్భంలో గమనించదగినది. గంగవ్వ వంటి ఊరివాళ్లే అందులో నటులు, ఊరి మాటే సంభాషణ. ఇన్ని మార్పుల మధ్య దాని సొంత గుర్తు ఆ భాషే. చిన్న చానల్‌కు పెట్టుబడి లేదు, సిఫారసు లేదు. ఉన్న ఒక్క బలం, తాను ఎవరితో మాట్లాడుతున్నదో తెలియడం. ఆ ఎవరో తెలిస్తే శీర్షికలో నిజం చెప్పగలం, నిడివి నిర్ణయించగలం. ఒక వేదిక మూతపడ్డా వాళ్లను మరోచోట కలుసుకోగలం. అందుకే మా శ్రోతలు ఇష్టపడి ఇచ్చిన ఫోను నంబర్లను ఇప్పుడు మేం ఒక పుస్తకంలో రాసుకుంటున్నాం.

ముక్కలు మానేసి మళ్లీ పూర్తి కథలు చదువుతున్నాం. అంకె వందల దగ్గరే ఉంది. ఎదగాలనే కోరిక మాకూ ఉంది. కాని కొత్త కథ ఎంచుకునేటప్పుడు మొదట వేసుకునే ప్రశ్న మారింది: ఆమె ఈ కట్ట బీడీలు పూర్తయ్యేదాకా దీన్ని వింటుందా? రేపు కొలబద్ద మళ్లీ మారుతుంది. ఈ ప్రశ్న మారదు.