ఎత్తుగడలో తేలిపోయే పాట

పల్లవికి ముందు వినిపించే భాగమే పాటకు ఎత్తుగడ. తెలుగు సినిమా పాటలో దీనికి ప్రధానంగా నాలుగు రూపాలున్నాయి: సాకీ, ఆలాపన, వాద్యాల ప్రిల్యూడ్, ఒట్టి లయ. రాగం, నడక, పాడబోయే పాత్ర మనసు ఆ కొద్ది సెకన్లలోనే తెలిసిపోవాలి. సంగీత దర్శకుడి సత్తాకు అసలు పరీక్ష ఇక్కడే. పల్లవి బాగుంటే కవికీ గాయకుడికీ పేరొస్తుంది. ఎత్తుగడ బాగుంటే ఆ గొప్ప పూర్తిగా స్వరకర్తదే.

సాకీ తాళానికి కట్టుబడకుండా పాడే నాలుగు మాటలు. హార్మోనియం శ్రుతి మీద రాగం తీసి పద్యం ఎత్తుకునే రంగస్థల అలవాటుకు ఇది దగ్గరి చుట్టం. ‘ప్రేమనగర్’ (1971)లో ‘మనసు గతి ఇంతే’ పాటకు ఆత్రేయ రాసిన సాకీని మించిన ఉదాహరణ దొరకదు. తాగుడూ మరపూ ఒకదానికొకటి అడ్డుపడుతున్న మనిషి గోడు అది. ఘంటసాల దాన్ని సగం మాటగా, సగం పాటగా పలుకుతారు. కె.వి. మహదేవన్ వాద్యాలను ఆ గొంతుకు అడ్డు రానివ్వరు. ఆ సాకీ తీసేస్తే పల్లవి ఉత్త వేదాంతంగా మిగిలిపోతుంది.

ఆలాపనలో మాటల అండ ఉండదు. ‘జగదేకవీరుని కథ’ (1961)లోని ‘శివశంకరీ’కి పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ ఎంచుకున్నారు. ఆ రాగానికి ప్రాణం ఊగుతూ నిలిచే గాంధారం. దాన్ని తొందరపెడితే రాగం చెడుతుంది. ఘంటసాల గొంతు ఆ స్వరం దగ్గర చూపే నిబ్బరం గురువు పక్కన కూర్చుని నేర్వాల్సిన విద్య. తెర మీద ఎన్టీఆర్ తానే గాయకుడూ తానే వాద్యకారుడూ అయి పలు రూపాల్లో కనిపించే ఆ అద్భుతానికి పునాది ఇక్కడే పడింది.

వాద్యాల ప్రిల్యూడ్ దగ్గరికి వస్తే సాలూరి రాజేశ్వరరావుదే పెద్దపీట. ‘మల్లీశ్వరి’ (1951) నాటికే ఆయన పాటల్లో అనవసరమైన స్వరం ఒక్కటీ ఉండదు. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లో ‘నీవు లేక వీణ’ వింటే, వీణ ఆ పాటకు అలంకారం కాదు, పాత్ర అని తెలుస్తుంది. తర్వాతి తరంలో ఇళయరాజా ఒక్కో వాద్యానికి విడిగా స్వరాలు రాసిచ్చి ఈ విద్యను మరో మెట్టు ఎక్కించారు. ‘గీతాంజలి’ (1989)లో ‘ఓం నమః’ పాటకు గుండె చప్పుడునే తాళం చేశారు. చావు దగ్గరపడిన ఇద్దరి ప్రేమకథకు అంతకంటే తగిన లయ లేదు.

లయతోనే పాట ఎత్తడంలో అమెరికా నల్లజాతి సంగీతకారులది అందెవేసిన చేయి. సోల్, ఫంక్ పాటల్లో బేస్ గిటార్ నాలుగైదు స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తుంటే ఒక్కో వాద్యం వచ్చి చేరుతుంది. టెంప్టేషన్స్ బృందం పాడిన ‘పాపా వాజ్ ఎ రోలింగ్ స్టోన్’ (1972) పాట ఆల్బమ్‌లో దాదాపు 12 నిమిషాలు సాగుతుంది. అందులో గొంతు వినిపించడానికే సుమారు 4 నిమిషాలు పడుతుంది. అదే ఏడాది ‘సూపర్‌స్టిషన్’ పాటకు స్టీవీ వండర్ డ్రమ్స్, క్లావినెట్ రెండూ తానే వాయించారు. ఐజాక్ హేస్ ‘షాఫ్ట్’ (1971) హై-హ్యాట్ తాళంతో, వా-వా గిటార్‌తో మొదలవుతుంది. తెలుగులో డ్రమ్స్‌నీ బేస్‌నీ ముందుకు తెచ్చినవారిలో సంగీత దర్శకుడు చక్రవర్తి ముఖ్యులు.

మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టే 78 ఆర్‌పీఎం రికార్డు మీద కూడా ఆనాటివారు ఎత్తుగడకు చోటిచ్చారు. ఇవాళ నిడివికి అడ్డు లేదు, ఓపికే లేదు. రీల్‌కు పనికొచ్చే ముక్క ముందుండాలని ప్రిల్యూడ్‌ను నరికేస్తున్నారు. ఎఫ్ఎంలో వయొలిన్లు మోగుతుంటే వాటి మీద వ్యాఖ్యాత కబుర్లు పోస్తున్నారు. ముప్ఫై మంది వాయించిన వరసను కీబోర్డులో ఒక మీట నొక్కి దింపేసి, దానికి రీమిక్స్ అని పేరు పెడుతున్నారు. ఇది నివాళి కాదు, దొంగసొత్తు. పోటీల్లో పల్లవీ ఒక చరణమూ చాలంటున్నారు. సాకీ పాడబోయిన పిల్లలకు సమయం లేదంటున్నారు. పాటను తల నరికి మొండెంతో అప్పగిస్తే ఆ పిల్లలు నేర్చేదేమిటి?

జంషెడ్‌పూర్‌లోని గోవింద్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ దాకా, కొలువుల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగువారికి పాట ఒక భాషాబంధం. అక్కడి సంఘాలైనా, ఇక్కడి టీవీ చానళ్లయినా పాటల పోటీల్లో ఒక్క నియమం పెట్టాలి: సాకీ ఉన్న పాట సాకీతోనే, ఆలాపన ఉన్న పాట ఆలాపనతోనే పాడాలి. అదనంగా పట్టేది అర నిమిషమే. ఆ అర నిమిషం ఇవ్వలేని వేదిక మీద ఘంటసాల పాట పాడించకపోవడమే మేలు.