కదలని కాలు

వేసవిలో ఊళ్లోని కాలేజీ జిమ్‌లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ ఆటగాళ్లు సాధన చేస్తున్నారని తెలిస్తే అమెరికాలో పిల్లలూ పెద్దలూ పోగవుతారు. వాళ్లు వచ్చేది ఆటగాడు గాల్లోకి లేచి రింగు ఊగిపోయేలా బంతిని దిగ్గొట్టే డంక్ చూద్దామని. తీరా లోపల కనిపించేది వేరు. దాదాపు ఏడడుగుల మనిషి, కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో ఉన్నవాడు, బంతి కూడా లేకుండా గీత పక్కన మోకాళ్లు వంచి నిలబడి ఉంటాడు. ఎడమ పాదం నేలకు ఆనించి, కుడి పాదాన్ని అరడుగు ముందుకు వేసి వెనక్కి లాక్కుంటాడు. శిక్షకుడు తల అడ్డంగా ఊపుతాడు. బరువు ముందుకు ఒరిగిపోయింది, మళ్లీ చెయ్యమంటాడు. అరగంట గడిచేసరికి చూడవచ్చిన వాళ్లలో సగం మంది ఫోన్లలోకి తలదూర్చేస్తారు. నా ఉద్దేశంలో ఆ సాధనలో చూడదగ్గది ఆ అరగంటే. బాస్కెట్‌బాల్‌లో కష్టపడి నేర్చుకోవలసిన విద్య చేతుల్లో కంటే కాళ్లలో ఎక్కువ ఉంది. దాన్ని నేర్చుకోవడానికి వృత్తి ఆటగాడికి ఏడాది మొత్తంలో దొరికే తీరిక వేసవి ఒక్కటే.

పాదానికి ఇంత పెత్తనం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆట పుట్టుక దగ్గరికి పోవాలి. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు 13 నియమాలు రాశాడు. బంతి పట్టుకున్నవాడు దానితో పరుగెత్తకూడదు, పట్టిన చోటు నుంచే విసరాలి అన్నది వాటిలో ఒకటి. బంతితో పరుగెత్తనివ్వకపోతే వాణ్ణి పట్టి పడగొట్టాల్సిన పని ఎదుటివాడికి ఉండదు, నాలుగు గోడల మధ్య కుర్రాళ్ల ఎముకలు విరగవు, అదీ ఆయన లెక్క. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబుల్ ఆ తర్వాత వచ్చిన వెసులుబాటు. ఆ డ్రిబుల్ ఆగిన క్షణాన ఇప్పటికీ పాత కట్టుబాటే పనిచేస్తుంది. ఒక పాదం నేలకు పాతుకుపోవాలి, రెండోది ఎటైనా తిరగవచ్చు. గుంజకు కట్టిన దూడ మేత మేసినట్టన్నమాట. తాడు ఎంత పొడవో అంతే దాని లోకం. ఫుట్‌బాల్‌లోగానీ కబడ్డీలోగానీ ఆటగాడి కాళ్లకు ఈ బంధం లేదు. ఆ తాడు పొడవు డిఫెండర్‌కు తెలుసు కాబట్టే మీదికొచ్చి కూర్చుంటాడు. అతన్ని ఏమార్చాల్సింది కదలడానికి అనుమతి ఉన్న ఆ ఒక్క కాలితోనే.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పరుగు మీద బంతి అందుకున్నవాడు రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనిస్తే ఏ కాలిని పాతుకోవాలో ఎంచుకునే హక్కు అతనిదే. ఒకదాని తర్వాత ఒకటి ఆనిస్తే మొదట తగిలిన పాదమే పాతుకుపోతుంది. అంటే ఆగే పద్ధతిలోనే తర్వాతి ఎత్తు సగం తేలిపోయింది. ఇక తిరగడం. ఛాతీ ముందుకొచ్చేలా తిరిగితే డిఫెండర్ మీదికి పోతాడు. వీపు వైపుగా, మడమను వెనక్కి లాగుతూ తిరిగితే అదే పాదం మీద నిలిచి అతని నుంచి ఓ అడుగు దూరం సంపాదిస్తాడు. జ్యాబ్ స్టెప్ అనేది కాలితో పొడిచినట్టు వేసే చిన్న అడుగు. డిఫెండర్ జంకి వెనక్కి తగ్గితే అక్కడి నుంచే షాట్, తగ్గకపోతే అతని పక్కనుంచి దూసుకుపోవడం. ఆ అడుగు జానెడు మించకూడదు. మించితే ఒంటి బరువంతా ఆ కాలి మీద పడి, వెనక్కి లాక్కునేలోపు ఎదుటివాడు కుదురుకుంటాడు. రింగుకు వీపు పెట్టి ఆడేవాడి పని ఇంకా సున్నితం. డిఫెండర్ ఎటువైపు ఒత్తుతున్నాడో చూడకుండానే వీపుకు తెలియాలి. ఒత్తిడి ఎడమ భుజం మీద ఉంటే కుడి పాదాన్ని అతని పాదం పక్కనుంచి వెనక్కి, నేరుగా రింగు వైపుకు దింపి, తుంటితో అతన్ని అవతలే ఉంచేసి లేవాలి. డ్రాప్ స్టెప్ అంటే ఇదే. కొత్తవాళ్లు ఆ పాదాన్ని రింగు వైపు కాకుండా పక్కకు వేస్తారు. తేడా బెత్తెడే. దానితో ఖాళీగా దొరకాల్సిన షాట్ డిఫెండర్ చేతుల కిందికి పోతుంది.

ఈ బెత్తెళ్ల లెక్కను ఒక సంప్రదాయంగా నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది పీట్ న్యూవెల్‌ను. 1915లో కెనడాలోని వాంకూవర్‌లో పుట్టి లాస్ ఏంజలెస్‌లో పెరిగాడు. కోచ్‌గా 1949లో శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయాన్ని కాలేజీ జట్ల ఎన్‌ఐటీ టోర్నమెంటు విజేతగా నిలిపాడు. 1959లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆయన చేతుల మీదుగానే జెర్రీ వెస్ట్ ఉన్న వెస్ట్ వర్జీనియాను 71-70తో ఓడించి జాతీయ కాలేజీ టైటిల్ ఎన్‌సీఏఏ గెలిచింది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు స్వర్ణం. మ్యాచ్ రోజుల్లో కాఫీ, సిగరెట్ల మీద బతికిన మనిషి, ఆ ఒత్తిడి తట్టుకోలేక నలభై అయిదేళ్లకే కోచింగ్ వదిలేశాడు. బోధించడం మాత్రం వదల్లేదు. బర్క్‌లీలో ఉండగా ఆయన పెట్టిన ఒక అభ్యాసం ఇప్పటికీ కోచ్‌ల నోళ్లలో నానుతుంటుంది. మోకాళ్లు వంచి, ఒక చెయ్యి పైకెత్తి, కోచ్ చెయ్యి చూపిన దిక్కుకల్లా పాదాలు ఈడుస్తూ జరగడం, అంతే. ఎత్తిన చెయ్యి దించడానికి వీల్లేదు. తొడలు మండుతున్నా నిలకడ చెదరకూడదన్నదే అందులోని పాఠం.

1976 వేసవిలో ఎన్‌బీఏలోని లేకర్స్ జట్టు ఆటగాడు కెర్మిట్ వాషింగ్టన్ ఆయన దగ్గరికొచ్చి తనకు నేర్పమని అడిగాడు. అతని చిక్కు ఈ సంప్రదాయం విలువేమిటో బాగా చూపిస్తుంది. కాలేజీలో రింగు కింద నిలబడి కొండలా ఆడినవాడు. 1973లో లేకర్స్ మొదటి రౌండ్‌లోనే ఎంచుకుంది. అక్కడ తనకంటే ఎత్తయినవాళ్లు ఉండటంతో రింగుకు దూరంగా, ముఖం అటు పెట్టి ఆడాల్సి వచ్చింది. ఒంట్లో బలానికి లోటు లేదు, కష్టపడటంలో అతన్ని మించినవాడు లేడు, కానీ కాళ్లు ఎటు వెయ్యాలో తెలియదు. మూడు సీజన్లలో ఏ ఒక్కదాన్లోనూ మ్యాచ్‌కు సగటున అయిదు పాయింట్లు దాటలేదు. న్యూవెల్ పైసా తీసుకోకుండా ఉదయాలు అతనితో పాదాల పని చేయించాడు. తర్వాతి సీజన్‌లో మోకాలు దెబ్బతినేలోగా అతని సగటు దాదాపు 10 పాయింట్లు, 9 రీబౌండ్లు. 1980లో ఆల్‌స్టార్ జట్టులో చోటు దక్కింది. మాట పాకింది. ఇంకొకరు, ఆ వెనక మరికొందరు వచ్చారు. లయోలా మేరీమౌంట్ విశ్వవిద్యాలయం జిమ్‌లో అది ఏటేటా జరిగే శిబిరమైంది, ‘బిగ్ మ్యాన్ క్యాంప్’ అనే పేరు పడింది, తర్వాత హొనొలులుకూ లాస్ వేగాస్‌కూ మారింది. షకీల్ ఓనీల్, జేమ్స్ వర్తీ వంటి ఎన్‌బీఏ తారలు అక్కడ అడుగులు దిద్దుకున్నవాళ్లే.

ఇది న్యూవెల్‌తో మొదలైందీ కాదు, ఆయనతో ఆగిందీ కాదు. 1940ల్లో షికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయంలో రే మేయర్ అనే కోచ్, 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్ తడబడే కాళ్లకు లయ నేర్పడానికి తాడాట ఆడించాడు, బాక్సింగ్ చేయించాడు, చివరికి డాన్స్ కూడా నేర్పించాడు. రింగు కింద నిలబడి ఎడమ కాలి మీద లేచి కుడిచేత్తో, కుడి కాలి మీద లేచి ఎడమచేత్తో, బంతి నేల తాకకుండా మార్చి మార్చి వేసే అభ్యాసానికి ఇవాళ ప్రపంచమంతా మైకన్ డ్రిల్ అనే పేరు. మన కూచిపూడి పిల్లలు కర్ర తాళానికి ఒకే అడుగును మూడు కాలాల్లో వేసినట్టే ఉంటుంది చూస్తే. ఇంకో పాయ హ్యూస్టన్‌ది. లాగోస్‌లో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడి 1980లో హ్యూస్టన్‌కు చదువుకోవడానికొచ్చిన హకీమ్ ఒలాజువాన్, ఫాండే అనే నగరపాలక జిమ్‌లో వేసవి సాయంత్రాలు ఎన్‌బీఏ ఆటగాడు మోజెస్ మలోన్‌తో తలపడి నేర్చుకున్నాడు. ఆట విరమించాక ఆయనే గురువయ్యాడు. 2009లో నాలుగో టైటిల్ గెలిచి, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి అందుకున్న కోబీ బ్రయంట్ తిరగడం నేర్చుకోవడానికి ఆ వేసవిలోనే ఆయన దగ్గరికి వెళ్లాడు. 2011లో ఫైనల్స్ ఓడిపోయిన లెబ్రాన్ జేమ్స్ కూడా వెళ్లాడు.

ఇదంతా పాతకాలపు విద్య అని కొట్టిపారేసేవాళ్లున్నారు. 1979-80లో ఎన్‌బీఏలోకి మూడు పాయింట్ల గీత వచ్చింది, ఈ పదిహేనేళ్లలో ఆట ఆ గీత బయటికి తరలిపోయింది, రింగుకు వీపు పెట్టి ఆడే పెద్దమనుషుల కాలం చెల్లింది, ఇంకా డ్రాప్ స్టెప్ ఎందుకు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ఆ ఒక్క ఎత్తు వాడకం తగ్గింది. కానీ ‘బిగ్ మ్యాన్ క్యాంప్’ అనే పేరు చూసి మోసపోకూడదు. అక్కడ పెద్దవాళ్లకు నేర్పిందే రింగుకు ముఖం పెట్టి ఆడటం. న్యూవెల్ శిష్యుల్లో కికీ వాండవే ఉన్నాడు. జ్యాబ్‌తో డిఫెండర్‌ను వెనక్కి నెట్టి, తానూ ఒక అడుగు వెనక్కి దూకి షాట్ వేసేవాడు. 1983-84లో అతని సగటు 29.4 పాయింట్లు. ఇవాళ టీవీలో ప్రతి మ్యాచ్‌లోనూ కనిపించే స్టెప్ బ్యాక్‌కు ఒకప్పుడు అతని పేరే వాడేవారు. 2017లో అంతర్జాతీయ సమాఖ్య ఫిబా, పరుగులో బంతి చేతికి చిక్కే క్షణంలో పడే అడుగును లెక్క నుంచి తప్పించింది. దాంతో అడుగుల పని ఇంకా పెరిగింది. సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్ ఎగరడంలో చాలామంది కంటే వెనకబడే ఉన్నా 2021, 2022, 2024లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అతని మ్యాచ్ ఏదైనా బంతిని వదిలేసి పాదాలను చూడండి. అన్నట్టు, అతను వేసవుల్లో సొంతూరు సోంబోర్‌లో పందెపు గుర్రాలతో గడుపుతాడు. అక్కడా లెక్క అడుగులదే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. శిబిరానికి వచ్చేవాళ్లు అప్పటికే లక్షల్లో ఒకరు. తర్వాత బాగా ఆడితే ఆ ఘనత శిబిరానిదా, పుట్టుకతో వచ్చిన ఒడుపుదా? ఓనీల్ గొప్పతనంలో న్యూవెల్ వాటా ఇంత అని ఎవరూ తూచి చెప్పలేరు, నేనూ చెప్పను. అక్కడికి వచ్చి కూడా లీగ్‌లో నిలబడలేకపోయినవాళ్ల పేర్లు మనకు గుర్తుండవు కూడా. అందుకే నా సాక్ష్యం ఓనీల్ కాదు, వాషింగ్టన్. ఒళ్లు అదే, లీగ్ అదే, కష్టపడే గుణం అదే, మారింది ప్రధానంగా పాదాలు. రెండో సాక్ష్యం ఏడాది పట్టిక. ఎన్‌బీఏలో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు. మధ్య రోజులు ప్రయాణాలకూ, రేపటి ప్రత్యర్థి ఎత్తుగడలు వల్లె వేసుకోవడానికీ సరిపోతాయి. ఈ ఆటలో ఎత్తుగడలు చెప్పేవాళ్లు ఎక్కువ, విద్య నేర్పేవాళ్లు తక్కువ అన్నది న్యూవెల్ జీవితాంతం చేసిన ఫిర్యాదు. పైగా కొత్త అడుగు నేర్చుకునేవాడు మొదటి కొన్ని వారాలు పాత ఆట కూడా పోగొట్టుకుంటాడు. అలవాటుగా పడే అడుగును ఆలోచించి వెయ్యబోతే కాళ్లు చిక్కుపడతాయి. జనవరిలో అలా తడబడితే బెంచి మీద కూర్చోబెడతారు. జూలైలో తడబడితే ఎవరికీ నష్టం లేదు. విశ్రాంతి తీసుకోవలసిన ఒళ్లను వేసవిలోనూ అరగదీస్తున్నారని వైద్యులు పడే బెంగ సబబే. ఆ బెంగ వర్తించాల్సింది రోజుకు వందల గెంతులు వేయించే సాధనలకు. నడక వేగంతో మొదలయ్యే పాదాల పనిని ఆ గాటన కట్టడం సరికాదు.

బెంచీల మీద కూర్చుని చూసే పిల్లలకు దీనివల్ల ఏం ఒరుగుతుంది? డంక్ చూసిన పిల్లవాడు ఇంటికెళ్లి చేయగలిగింది లేదు, రింగు ఎత్తు పది అడుగులు. వెనక్కి తిరగడం చూసిన పిల్లవాడు ఆ సాయంత్రమే పెరట్లో తిరిగి చూసుకోగలడు. టీవీలో ఒక్క రెప్పపాటులో అయిపోయే పనిని ఎనభైసార్లు నెమ్మదిగా, అందులో ముప్ఫైసార్లు తప్పుగా చూసే అవకాశం మరోచోట దొరకదు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ ఏటా వేసవి కోచింగ్ శిబిరాలు పెడుతుంది. పొద్దున్నే ఎండ ముదరకముందే పిల్లలు మైదానాలకు చేరతారు. మన శిబిరాల్లో సాధారణంగా పిల్లలు ఎక్కువ, బంతులు తక్కువ. వరస కట్టి, వంతు రాగానే రింగు మీదికి ఒక షాట్ వేసి, మళ్లీ వరస చివరికి పోతారు. రెండు వంతుల మధ్య ఆ ఎదురుచూపు వృథా. ఆగడం, తిరగడం, పొడిచి లాక్కోవడం, వీటిలో దేనికీ బంతి అక్కర్లేదు, రింగూ అక్కర్లేదు. వరసలో నిలబడ్డ చోటే నేర్పవచ్చు. విసుగు పుట్టి పిల్లలు మానేస్తారని కోచ్‌లు భయపడతారు, మానేసేవాళ్లు కొందరుంటారు కూడా. ఇద్దరేసిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకడు పొడవడం, రెండోవాడు జంకకుండా నిలబడటం అని పందెం పెడితే ఆ విసుగు చాలావరకు తగ్గుతుంది. మన కోర్టులు ఎక్కువగా సిమెంటువి కాబట్టి మోకాళ్ల సంగతీ చూసుకోవాలి. పాదం మొత్తం నేలకు అదిమి తిరిగితే మెలిక మోకాలి మీద పడుతుంది. మడమ వెంట్రుకవాసి లేపి మునిగాలి మీద తిరగాలి. బాస్కెట్‌బాల్ బూట్లను తిరగేస్తే చాలావాటికి సరిగ్గా అక్కడ, బొటనవేలి మొదట్లో, గుండ్రంగా వలయాలు చెక్కి ఉంటాయి. శిబిరం ముగిసేనాటికి పిల్లవాడి బూటు మడమ దగ్గర అరిగిందా, ఆ వలయాలు అరిగాయా అన్నది ఇంట్లో ఎవరైనా తిప్పి చూడవచ్చు.