స్పిన్ల లెక్క: కడప రాళ్ళ నుంచి కంప్యూటర్ దాకా

వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో సున్నపురాతి పొరల మధ్యకి సుమారు 188 కోట్ల ఏళ్ళ కిందట శిలాద్రవం చొచ్చుకొచ్చి నల్లరాయిగా గడ్డకట్టింది. ఆ వేడికి సున్నపురాయి మారిన చోటే రాతినార పుట్టింది. నల్లరాతిలో మాగ్నటైట్ ఉంటుంది కాబట్టి దాని మీదుగా పోతుంటే భూమి అయస్కాంత బలం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును పట్టగల పరికరాల్లో ఓవర్‌హౌజర్ మాగ్నెటోమీటర్ ఒకటి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ళ చౌటుప్పల్ అబ్జర్వేటరీలోనూ ఇలాంటిదే పనిచేస్తోంది.

ఈ మాగ్నెటోమీటర్ గుండెకాయ ఓ చిన్న ద్రవం సీసా. రాయలసీమలో భూక్షేత్రం 40 వేల నానోటెస్లాలకు కొంచెం పైన. ఆ క్షేత్రంలో ద్రవంలోని ప్రోటాన్ సెకనుకు దాదాపు 1,800 సార్లు తిరుగుతుంది, కానీ ఆ సంకేతం మహా నీరసం. ద్రవంలో కలిపిన రాడికల్‌కు ఓ ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటుంది. దాన్ని రేడియో తరంగంతో కదిలిస్తే దాని ధ్రువణం ప్రోటాన్లకు అంది, సంకేతం వెయ్యి రెట్లకు మించి బలపడుతుంది. లోహాల్లో ఇలా జరుగుతుందని ఆల్బర్ట్ ఓవర్‌హౌజర్ 1953లో ఊహిస్తే, కార్వర్, స్లిక్టర్ లిథియంలో వెంటనే చూపించారు.

ఇదే కిటుకును ఎన్‌ఎంఆర్ (అణు అయస్కాంత అనునాద) యంత్రంలో వాడబోతే చిక్కు మొదలవుతుంది. 9.2 టెస్లాల క్షేత్రం భూక్షేత్రానికి రెండు లక్షల రెట్ల పైమాట. అక్కడ ఎలక్ట్రాన్ సెకనుకు 26 వేల కోట్ల సార్లు తిరుగుతుంది. ధ్రువణం అందాలంటే అణువుల కదలికలోనూ అంత వేగం ఉండాలి. నీటి అణువు రాడికల్‌ను దాటిపోవడానికి ఇరవై పికోసెకన్ల దాకా పడుతుంది. అంటే బాగా ఆలస్యం.

1975లో హ్వాంగ్, ఫ్రీడ్ అణువులను గట్టి గోళీలుగా భావించి ఈ కదలికకు సూత్రం కట్టారు. ఎంత దగ్గరికి రాగలవు, ఎంత వేగంగా విస్తరిస్తాయి అన్న రెండు సంగతులు చాలు. నాకు ఎంతో ఇష్టమైన సూత్రమిది. అయితే దాని ప్రకారం అంత పెద్ద క్షేత్రంలో సంకేతం పెరిగేది అతి స్వల్పం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రిస్నర్ బృందం కొలిస్తే మాత్రం నీటిలో పదుల రెట్ల పెరుగుదల కనిపించింది. మైక్రోవేవ్‌ల వల్ల నీరు వేడెక్కి అణువులు చురుకవడం కొంత కారణం, కాబట్టి ఉష్ణోగ్రతను విడిగా లెక్కలోకి తీసుకోవాలి. మిగతా కారణాన్ని డెనిజ్ సెజర్, ప్రిస్నర్ బృందంతో కలిసి 2009లో కంప్యూటర్‌లో వెతికారు. ప్రతి అణువునూ, దాని మీది బలాలనూ పెట్టి నడిపిస్తే, రాడికల్‌లోని ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం కట్టి, ఊగి, విడిపోయే నీటి అణువులు కనబడ్డాయి. పికోసెకను స్థాయిలో సాగే ఆ ఊగిసలాటను గోళీల సూత్రం పట్టుకోలేదు.

ఇంతవరకు చెప్పింది ప్రోటాన్ల సంగతి; కార్బన్‌ది వేరే దారి. ఎలక్ట్రాన్ మేఘమే నేరుగా కేంద్రకాన్ని తాకే స్పర్శ బంధం వల్ల 3.4 టెస్లాల దగ్గర వెయ్యి రెట్ల పెరుగుదలను 2017లో గోటింగెన్‌లోని బెన్నాటి బృందం చూపింది. దీన్ని లెక్కించాలంటే బలాల నమూనా చాలదు, క్వాంటమ్ లెక్కలూ కావాలి.

ఇలాంటి లెక్కలను ఖరీదైన అయస్కాంతం లేకపోయినా మొదలుపెట్టవచ్చు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, కర్నూలు ట్రిపుల్ ఐటీలోనో చదివే విద్యార్థి ఉచితంగా దొరికే గ్రోమాక్స్ ప్రోగ్రాంతో నీటి పెట్టెలో టెంపోల్ అనే రాడికల్ అణువును ఒక్కదాన్ని వేసి నడపవచ్చు. ముందుగా చూడవలసింది ఆ రాడికల్ ఆక్సిజన్ దగ్గరికి వచ్చిన నీటి అణువులు ఎంతసేపు నిలుస్తున్నాయన్నదే.