జానెడు లోతున ఉన్న మొదలు

పెరట్లోనో ప్రహరీ వారనో అక్కరలేని పొదను నరికిన చోట మళ్ళీ చిగుళ్ళు కనబడితే, నేలలో వేరు మిగిలిపోయిందనడం పరిపాటి. లంటానా, సర్కారు తుమ్మల విషయంలో ఈ మాట సగమే నిజం. ఈ రెండింటిలోనూ తిరిగి మొలకెత్తే శక్తి వేరంతటా పరచుకొని ఉండదు. కాండం ముగిసి తల్లివేరు మొదలయ్యే కొద్దిపాటి మేరలోనే, నేల మట్టానికి కాస్త దిగువన, అది పోగుపడి ఉంటుంది. ఆ మేర నేలలో ఉన్నంతకాలం పైన ఎన్నిసార్లు నరికినా పొద చావదు. అది తెగి బయటికి వచ్చేస్తే, కింద మిగిలిన వేళ్ళు ఎంత పొడవుగా ఉన్నా క్రమంగా కుళ్ళి మట్టిలో కలిసిపోతాయి.

ఆ మేరలో ఉండేవి నిద్రాణ మొగ్గలు, అనగా పుట్టి కూడా పెరగకుండా బెరడు కింద అణిగి ఉండే మొగ్గలు. కొమ్మల చివర్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ వాటిని లేవనీయదు, ఈ స్థితినే పాఠ్యపుస్తకాలు అగ్రాధిక్యత అంటాయి. కత్తివేటుతో కొమ్మలన్నీ పోగానే పైనుంచి వచ్చే ఆక్సిన్ ఆగిపోతుంది, అణచివేత తొలగుతుంది, వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థం చేతికందిన పెట్టుబడిలా ఉపయోగపడి, నిన్నటిదాకా ఒకటి రెండు కాండాలున్న చోట పది పన్నెండు పిలకలు ఒక్కసారిగా లేస్తాయి. కనుక నేల మట్టానికి నరకడం మొక్కను తీసివేయడం కాదు, దాన్ని దట్టంగా పెంచడం. కంచె పొదలను గుబురుగా పెంచేందుకు తోటమాలి చేసే కత్తిరింపు కూడా అచ్చంగా ఇదే పని.

సబ్బవరం పరిసరాల్లో ఈ విషయం ఇప్పుడు చాలామందికి అక్కరకు వచ్చేదే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలంలో జీడిమామిడి తోటలూ మెట్టభూములూ ఉండేవి. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి చేరే ఆరు వరుసల రహదారి వచ్చాక ఆ నేలలో కొంత భాగం లేఅవుట్లుగా మారింది. కొని వదిలేసిన స్థలంలో రెండు వానాకాలాలు గడిస్తే చాలు, లంటానా పొదో తుమ్మకంపో చేరుతుంది. ఇల్లు కట్టుకునే వేళకు యజమాని కూలీలను పిలిపిస్తాడు, వారు సాయంత్రానికి స్థలాన్ని నున్నగా చేసి వెళ్తారు, తొలకరి పడగానే అదే స్థలం మళ్ళీ పచ్చబడుతుంది. ఇందులో కూలీల తప్పు వెతకడం న్యాయం కాదు, ఎందుకంటే కూలి లెక్క కట్టేది ఎన్ని గజాలు శుభ్రమైందన్న దాన్నిబట్టే తప్ప ఎన్ని మొదళ్ళు బయటికి వచ్చాయన్న దాన్నిబట్టి కాదు. పైకి కనిపించే నునుపుకే డబ్బులిచ్చినప్పుడు లోపలి సంగతి ఎవరూ పట్టించుకోరు.

విచిత్రమేమంటే ఈ రెండు మొక్కలనూ మనుషులే కోరి తెచ్చుకున్నారు. ఉష్ణమండల అమెరికాకు చెందిన లంటానా, ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగులు చూపే పూల కోసం, 19వ శతాబ్దం తొలి దశాబ్దంలో కలకత్తా వృక్షోద్యానానికి చేరి అక్కడినుంచి దొరల బంగళాల కంచెల్లోకి, ఆ కంచెల నుంచి అడవుల్లోకి ప్రాకింది. సర్కారు తుమ్మ 1870ల చివర్లో, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి కర్నల్ బెడోమ్ చొరవతో, జమైకా విత్తనాల రూపంలో వంటచెరకు కోసం వచ్చింది. దాన్ని తొలుత నాటిన చోట్లలో కడప జిల్లాలోని కమలాపురం ఒకటి. రాయలసీమ మెట్టల్లో అది చేసిన మేలూ కీడూ వేరే చర్చ.

లంటానాను తీసే పద్ధతిని శాస్త్రీయంగా నిలబెట్టినవారు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు, ఆయన సహచరులు. కార్బెట్ పులుల అభయారణ్యంలో వారు చేసిన పని 2009లో ప్రచురితమైంది. పొద మొదట్లో నేల మట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున, అంటే పిలకలు లేచే మేరకు కిందుగా, తల్లివేరును ఒక్క పోటుతో తెంచి, పొదను పైకి లేపి, వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పడవేయడమే ఆ పద్ధతి. చివరి మెలిక అనవసరంగా తోచవచ్చు గాని, లంటానా కొమ్మ తడి మట్టికి తగిలితే అక్కడే వేళ్ళు వేస్తుంది కనుక పీకిన పొదను నేలకు ఆనించి వదిలేస్తే పడిన చోటే బతికే ప్రమాదముంది. ఇందుకు ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు, మన గునపమే చాలు. కాని గునపాన్ని నిలువుగా కాక ఏటవాలుగా మొదలు కిందికి దించి, తల్లివేరు తగిలాక పోటు వేసి, ఆ తర్వాతే పిడిమీద బరువు మోపి లేపాలి, లేకుంటే కాండం మట్టం దగ్గర విరిగి అసలు కావలసిన ముక్క లోపలే ఉండిపోతుంది. సర్కారు తుమ్మకు ఇంతకంటే లోతు కావాలి, జానెడు పైగా తవ్వి మొదలు బయటపెట్టాక గాని గొడ్డలి ఎత్తకూడదు. వేసవిలో గట్టిపడ్డ ఎర్రనేలలో ఇది నడుములు విరిచే పని, కాబట్టి తొలకరి తర్వాత మట్టి మెత్తబడినప్పుడు చేయడమే తెలివి. ఆగలేనివారు ముందురోజు పొద మొదట్లో రెండు మూడు బిందెల నీళ్ళు పోసి ఉంచుకోవచ్చు.

పొక్లెయిన్‌తో తవ్వించడం వేగమైన మార్గంగా కనిపిస్తుంది, పెద్ద తుమ్మలకు అది పనికొస్తుంది కూడా; లంటానాకు మాత్రం అది తరచు బెడిసికొడుతుంది, ఎందుకంటే యంత్రం పొదను చితక్కొట్టి మొదళ్ళనూ కొమ్మ ముక్కలనూ మట్టిలో కలిపి పరచివేస్తుంది, పైగా లోపల పడి ఉన్న విత్తనాలను వెలుతురుకు తెస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా మొదట్లోంచి చిగురించే మొక్కల సంగతి. వేరులోంచే పిలకలు పెట్టే మొక్కల తీరు దీనికి పూర్తిగా భిన్నం, ఈ తేడా తెలియకపోతే మంచి పద్ధతే చెరుపు చేస్తుంది. తెలుగువారి పెరట్లో దీనికి కరివేపాకును మించిన ఉదాహరణ లేదు: దాని వేళ్ళు నేలకు పైపైనే అడ్డంగా పారుతూ, తల్లిచెట్టుకు దూరంగా కూడా పిలకలు లేపుతాయి, గునపం దెబ్బకు వేరు తెగితే తెగిన చోట మరిన్ని లేస్తాయి, పిలకలు విడదీసి నాటుకునేవారికి వరమైన ఈ గుణమే చెట్టును వదిలించుకోవాలనుకునేవారికి శాపం. ఆకాశమల్లె కూడా ఇలాంటిదే. వీటి విషయంలో తవ్వి తెంచడం కంటే, తడి మట్టిలో వేరును చేత్తో వెంబడిస్తూ తెగకుండా పొడవునా లాగడం, పిలకను కత్తిరించక అది పుట్టిన వేరు నుంచే ఊడబెరకడం, మిగిలినవి లేచినప్పుడల్లా ఆకు ముదరకముందే తీసేయడం మేలు. లేత ఆకు తయారు కావడానికి వేరులోని నిల్వ ఖర్చవుతుంది, ముదిరిన ఆకు ఆ నిల్వను తిరిగి నింపుతుంది. నింపే అవకాశం ఇవ్వకుండా నెలల తరబడి వరసగా తీస్తూ పోతే వేరు అలసి చస్తుంది. మధ్యలో ఒక్క నెల ఏమరితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

మందుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మొద్దుకు రంధ్రం చేసి ఇంగువ పెడితే చెట్టు చస్తుందన్న నమ్మకం మనవైపు గట్టిగానే ఉంది. ఇంగువ కూడా ఒక మొక్క వేరు నుంచి కారే పాలే కావడం ఇక్కడ తమాషా. ఉప్పు, వాడేసిన ఇంజన్ ఆయిలు మొద్దుతో పాటు చుట్టూ ఉన్న మట్టినీ పాడుచేస్తాయి, తర్వాత ఆ చోట మరేదీ సరిగా ఎదగదు. తాజాగా కోసిన మొద్దు అంచు మీద, బెరడుకు ఆనుకొని ఉన్న సజీవ వలయం మీద, గ్లైఫోసేట్ వంటి మందు వెంటనే పూస్తే అది వేళ్ళకు చేరుతుందన్నది నిజమే. కాని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని లైసెన్సున్న చీడపీడల నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది, కనుక పెరటి యజమాని దాన్ని సొంతంగా వాడే ఆలోచన మానుకోవాలి. నాలుగైదు పొదలకు గునపం ఉండగా దాని అవసరమూ లేదు.

మొదళ్ళన్నీ తీసిన మరుసటి వానాకాలంలో చూసుకోవలసింది విత్తనపు మొలకలను. లంటానా నల్లని పండ్లను తినే గోరింకలూ పిగిలిపిట్టలూ కరెంటు తీగల మీద, ప్రహరీ గోడల మీద, చెట్ల కొమ్మల మీద వాలి రెట్టతో విత్తనాలు రాలుస్తాయి, అందువల్ల మొలకలు స్థలమంతటా కాక ఆ వాలుచోట్ల కిందే వరుసగా కనబడతాయి. నాలుగాకుల లేత మొక్కను చేతివేళ్ళ మధ్య నలిపితే వచ్చే ఘాటైన వాసనను బట్టి దాన్ని సులువుగా గుర్తుపట్టవచ్చు. జూలై వానల్లో మట్టి వదులుగా ఉన్నప్పుడు లాగితే వేలెడు వేరుతో సహా వచ్చేస్తుంది, అదే సంక్రాంతి దాటేదాకా ఉంచితే మళ్ళీ గునపం తీయాలి.