నెమ్మదిగా ఇల్లయ్యే బండి

జర్మనీలోని వీడెన్‌బ్రూక్‌లో వెస్ట్‌ఫాలియా అని ఒక కర్మాగారం. 1844లో కమ్మరి కొలిమిగా మొదలై, గుర్రబ్బండ్లు కట్టి, తర్వాత మోటారు బండ్ల వెనక తగిలించే ట్రెయిలర్లకు పేరుపడింది. 1950ల తొలి రోజుల్లో అక్కడి వడ్రంగులు ఒక చెక్కపెట్టె చేశారు. దాని పేరు క్యాంపింగ్ బాక్స్. ఫోక్స్‌వాగన్ వ్యానులో ముందు సీట్ల వెనక దాన్ని ఎక్కించి తెరిస్తే బట్టల అర, పొయ్యికి చోటు, దుప్పట్లు దాచే గూడు బయటపడతాయి. దిండ్లు పరిస్తే పడక సిద్ధం. సెలవులు అయిపోగానే పెట్టె దించేస్తారు. సోమవారం పొద్దున అదే వ్యాను రొట్టెలో రంగు డబ్బాలో వేసుకుని పనిలోకి పోతుంది.

ఆ పెట్టె బొమ్మలు ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తేనెరంగు చెక్క, గళ్ల కర్టెన్లు, చేతికి గుచ్చుకోని అంచులు. అంతకుమించి అలంకారం లేదు. కానీ దాన్ని గీసినవాడికి బండి మీద ఎంత గౌరవమో చూడండి. వారమంతా బరువులు మోసే ప్రాణిని రెండు రోజులు ఇల్లుగా ఉండమని అడిగాడు, తన పని మానెయ్యమని అనలేదు. మన పల్లెల్లో గూడుబండి సంగతీ ఇంతే. ఎరువు తోలిన బండికి, వడ్ల బస్తాలు మోసిన బండికి, తిరునాళ్లు వస్తే వెదురు గూడు కట్టేవారు. అడుగున మెత్తగా గడ్డి, పైన జంపఖానా, ఇరుసు కింద వేలాడే లాంతరు. పిల్లలూ ముసలివాళ్లూ అందులోనే కునుకు తీస్తూ రాత్రంతా ప్రయాణం చేసేవారు. తిరిగొచ్చాక గూడు చూరు కిందికి, బండి పొలానికి.

వెస్ట్‌ఫాలియా తర్వాత ఇంకో అడుగు వేసింది. క్యాంపింగ్ మొజాయిక్ పేరుతో ఆ సామగ్రినే విడి భాగాలుగా అమ్మింది. కొన్నవాళ్లే బిగించుకోవాలి. ఈ ఏడు బల్ల, పై ఏడు బీరువా, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు పడక. ఇవాళ సరుకు వ్యాను కొని, కాపురం చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ, శని ఆదివారాల్లో కొంచెం కొంచెంగా దాన్ని కుటుంబమంతా పడుకునే బండిగా మలుచుకునేవాళ్లు ఆ మొజాయిక్‌కు వారసులు. వాళ్ల పనిని నేను కళ అంటున్నాను, మాటవరసకు కాదు. కావ్యాన్ని తూచే కొలతలతోనే దాన్ని తూచవచ్చు. నెమ్మదిగా చేసినదే అందులో రసవంతమైనదని కూడా అంటాను.

ముందు వ్యాను లోపలి ఖాళీ గురించి చెప్పాలి. 1947 ఏప్రిల్ 23న బెన్ పోన్ అనే డచ్ కార్ల వ్యాపారి తన నోటుపుస్తకంలో ఒక చిన్న బొమ్మ గీశాడు. వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వాగన్ కర్మాగారం లోపల సామాన్లు తరలించడానికి బీటిల్ కారు భాగాలతో పనివాళ్లు చేసుకున్న బల్లబండి అంతకుముందే ఆయన కంట పడింది. బొమ్మలో డ్రైవరును ఈ కొసకు, ఇంజనును ఆ కొసకు నెట్టేశాడు. నడుమ మిగిలినదంతా చోటే. 1950లో ఆ బొమ్మలోని వ్యాను తయారీ మొదలైంది. ఇంజను బలం 25 హార్స్‌పవర్, పొడవు 4.3 మీటర్ల లోపు. ముక్కు లేదు, తోక లేదు, కడుపే బండి. సరుకు కోసం గీసిన ఆ ఖాళీలో మనిషి కాళ్లు చాపుకోవచ్చని తొలిసారి చూసినవాడి కన్నుకు నా నమస్కారం.

సీట్లూ అట్టలూ పీకేసిన వ్యాను లోపల నిలబడితే ఉక్కు పక్కటెముకలు కనిపిస్తాయి. వాటి మధ్య వట్టి రేకు. వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఒక్క గోడా నిటారుగా ఉండదు. నేల దగ్గర లేచి, నడుము ఎత్తున ఉబ్బి, కప్పు చేరేసరికి లోపలికి వాలుతుంది. ఇళ్లు కట్టే వడ్రంగి మూలమట్టాన్నీ రసమట్టాన్నీ నమ్ముకుంటాడు. ఇక్కడ లంబకోణం అనేది లేదు, బండి నిలిచిన నేల సమంగా ఉంటుందన్న హామీ అసలే లేదు. అందుకని అట్టముక్క పట్టుకుంటారు. దాన్ని గోడకు ఆనించి వంపును పెన్సిలుతో దించుకుని కోస్తారు. మళ్లీ ఆనిస్తే ఎక్కడో సందు. అక్కడ మరో చిన్న ముక్క అంటించి మళ్లీ గీస్తారు. అట్ట గోడను పూర్తిగా ఒప్పుకున్నాకే ప్లైవుడ్ మీద రంపం పడుతుంది. మంచి బండిని చూసే అవకాశం దొరికితే నేను ముందు వెతికేది ఆ గీతనే. బీరువా పక్కచెక్క బండి పొట్టను తాకే చోట వెంట్రుకవాసి సందు లేకుండా సాగిన వంపు. అచ్చులో పోసిన ఫ్యాక్టరీ ప్లాస్టిక్‌లో కూడా ఆ వంపు ఉంటుంది, కానీ దాని వెనక తలవంచి కూర్చున్న మనిషి ఉండడు.

ఇక ఊపిరి. నలుగురు మనుషులు మూసిన బండిలో రాత్రంతా శ్వాసిస్తే ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? బయటి చలికి చల్లబడ్డ రేకును తాకి నీరవుతుంది. ఆ నీరు కారి పక్కటెముకల మూలల్లో నిలిచి, కొన్నాళ్లకు తుప్పవుతుంది. రేకుకు లోపల గొర్రె ఉన్నో, నీరు పట్టని నురుగు పలకలో అద్దడం, కప్పులో చిన్న ఫ్యాను పెట్టి తేమగాలిని బయటికి తోలడం అందుకే. ఈ పొరను చెక్క కప్పేస్తుంది, ఎవరికీ కనబడదు. మన ఆలంకారికులు ధ్వనికి, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థానికి, అంత పెద్ద పీట ఎందుకు వేశారో ఇలాంటి చోట నాకు బాగా బోధపడుతుంది. చలికాలపు తెల్లవారుజామున లోపల పొడిగా, వెచ్చగా, వాసన లేకుండా ఉండడమే ఆ చెప్పని మాట. అయితే ఎవరో చెప్పగా మొదటిరోజే నింపిన ఉన్ని వేరు, పిల్లవాడి నుదుటి మీద కప్పు నుంచి చుక్క రాలిన మర్నాడు నింపిన ఉన్ని వేరు. రెండోదాన్ని కూరిన చేతికి ఏ మూల చల్లగా ఉంటుందో, ఏ పక్కటెముక ఎక్కువ చెమరుస్తుందో తెలుసు.

ఆలస్యం ఇచ్చే వరం ఇదే. తొలి ప్రయాణానికి బండిలో ఒక పరుపు, ఒక నీళ్ల డబ్బా, ఒక టార్చిలైటు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. ఆ లేమిలో గడిపిన రాత్రే తర్వాతి వస్తువును కోరుతుంది. దీపం కావాలని అందరికీ తెలుసు. పాలసీసా వెతుక్కునే తల్లికి అర్ధరాత్రి చెయ్యి ఎటు పోతుందో ఆ చీకట్లో గడిపితేనే తెలుస్తుంది. స్విచ్ అక్కడికే వస్తుంది. చెప్పులు ఎక్కడ విడుస్తారో, తడి కోటు ఎక్కడ వేలాడాలో, చాకు పిల్లలకు అందని ఎత్తు ఏదో కాగితం మీద గీసినవాడు ఊహిస్తాడు, ఆ బండిలో పడుకున్నవాడికి ఊహించాల్సిన పని లేదు. రసానికి ప్రాణం ఔచిత్యమని ఆలంకారికుడు క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలోనే వాదించాడు. వడ్డాణం మెడలో వేసుకుంటే నగ కాదు, నవ్వులపాటు. మెల్లగా కూడిన బండిలో ప్రతి కొక్కేనికీ అక్కడ ఉండడానికి ఒక రాత్రి సాక్ష్యం ఉంటుంది.

సినిమా షూటింగుల పుణ్యమా అని మనకు తెలిసిన కారవాన్లు మరో జాతి. తోలు సోఫాలు, ఏసీ, అద్దాల చుట్టూ బల్బులు, అన్నీ ఒకే దఫాలో అమరుతాయి. పనితనం గొప్పదే. కానీ అందులో ఎవరి అలవాటూ ఇంకలేదు. మన దగ్గర రవాణా శాఖ అనుమతి లేకుండా బండి రూపు మార్చడం చట్టం ఒప్పదు కనుక, పెరట్లో సొంతంగా చెక్కుకునే సంప్రదాయం ఇంకా వేళ్లూనలేదు. ఐరోపాలో అది పాతుకుపోయింది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు దగ్గరికి వస్తున్నాను: వెనక బల్ల. పగలు అది సీటు. రాత్రి వీపు చెక్క వాల్చి, ముందుకు లాగితే పడక. కింద దుప్పట్లో బ్యాటరీయో దాచే పెట్టె. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం అటు రామకథనూ ఇటు భారతకథనూ చెబుతుంది. రహస్యమంతా మాటను ఎక్కడ విరవాలన్న దానిలో ఉంది. ఈ బల్లలోనూ విరుపే ప్రాణం. బందు పడే చోటు రెండంగుళాలు అటూ ఇటూ అయితే నడుము కింద గాడి తగులుతుంది, లేదా కూర్చున్నప్పుడు మోకాళ్లు గడ్డానికి వస్తాయి. శ్లేషలో ఒక అర్థం హాయిగా వచ్చి రెండోది పీకి లాగితే పద్యం పడిపోయినట్టే. ఎలకూచి బాలసరస్వతి మూడు కథలు కలిపి రాఘవయాదవపాండవీయం రాశాడు. పిల్లలున్న ఇంటి బల్ల ఆ కోవలోది. ఎందుకంటే ప్రయాణంలో పిల్లలు కూర్చునేది దాని మీదే. బెల్టు లంగరు చెక్కకు కాక, నేల ఉక్కుకు పట్టిన చట్రానికి బిగియాలి. సీటు ముందువైపు చూడాలి. ఎంత ముచ్చటైన బల్ల అయినా ఈ అర్థం పొసగకపోతే నేను దాన్ని కొట్టిపారేస్తాను.

కొలతలదీ ఒక రుచి ఉంది. ఫియట్ డుకాటో వ్యాను లోపలి వెడల్పు 1.87 మీటర్లు. మధ్యరకం మనిషి అడ్డంగా పడుకోగలడు. అడ్డంగా పడుకుంటే పొడవులో ఎంతో చోటు మిగులుతుంది. ఐరోపాలో ఇన్ని క్యాంపర్లు ఆ ఒక్క బండి మీదే లేవడానికి ఈ కాసిని సెంటీమీటర్లు ఒక పెద్ద కారణం. ఫోక్స్‌వాగన్ అంత వెడల్పు కాదు, కాబట్టి అక్కడ కల్పన పైకి పోయింది. ఇంగ్లండులో ఫోక్‌స్టోన్‌కు చెందిన మార్టిన్ వాల్టర్ సంస్థ డార్మొబీల్ బండ్లలో కప్పును ఒక పక్క బందుల మీద లేపింది. కప్పుకూ బండికీ మధ్య చారల గుడ్డ విచ్చుకుంటుంది, ఆ ఎత్తులో రెండు గుడ్డ మంచాలు. పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్లలో చిన్నపిల్లల కోసం ముందు సీట్ల మీదుగా కడ్డీలకు గుడ్డ బిగించి చిన్న పడక కట్టేవారు. స్టీరింగు పైన నిద్రపోయే పిల్ల! అంతవరకూ డ్రైవరు తప్ప ఎవరూ వాడని గాలిని కూడా ఒకరు పడకగా చేశారు.

చీకటి పడుతుంటే ఇవన్నీ కదలడం మొదలవుతుంది. భోజనం బల్ల దింపనిదే పడక రాదు. గిన్నెలు కడగనిదే ఆ బల్ల దిగదు. ఒకరు నిలబడితే మిగిలినవాళ్లు కూర్చోవాలి. "కాస్త కాళ్లు పైకి పెట్టుకో నాన్నా" అని తల్లి అంటే కొడుకు మోకాళ్లు ముడుచుకుంటాడు, ఆ జానెడు చోటులోంచి అక్క దిండు తీస్తుంది. కొన్ని ప్రయాణాలయ్యాక ఆ మాట కూడా అవసరపడదు. తల్లి చెయ్యి గడియ మీద పడగానే మోకాళ్లు లేస్తాయి. ఏ ఫ్యాక్టరీ ఈ లయను బిగించి అమ్మలేదు.

బరువు ఈ కళకు ఛందస్సు. బ్రిటన్‌లోనూ ఐరోపాలో చాలా చోట్లా మామూలు కారు లైసెన్సుతో నడపగల హద్దు 3,500 కిలోలు, అదీ మనుషులూ నీళ్లూ సామానూ కలిపి. లీటరు నీళ్లంటే కిలో. యాభై లీటర్ల తొట్టి పెడితే ఒక పదిహేనేళ్ల పిల్లవాణ్ణి అదనంగా ఎక్కించుకున్నట్టే. అందుకే మంచి బండిలో తలుపు చెక్కలు పలచన, అరల వెనక అట్టలు ఉండవు, చేతిపిడికి బదులు వేలు పట్టేంత గుండ్రటి కన్నం. ఆ కన్నం లోపలికి గాలిని కూడా పంపుతుంది. వంటగ్యాసు గూటి అడుగున నేలలోంచి బయటికి ఇంకో కన్నం ఉంటుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే కిందికే దిగుతుంది కనుక దానికి దారి అక్కడే ఇస్తారు. పిల్లలు నిద్రపోయే బండిలో నాకు ఇంతకన్నా అందమైన అలంకారం కనబడదు.

కిటికీ విషయంలో మాత్రం ఆలస్యం తప్పనిసరి అంటాను. మిగతావన్నీ విప్పి మార్చుకోవచ్చు, కోసిన రేకు తిరిగి అతకదు. కొనగానే కిటికీలు కోసినవాళ్ల బండ్లలో అవి బయటినుంచి చూడటానికి సరిగ్గా సగాన ఉంటాయి. ఏడాది ఆగి కోసినవాళ్ల కిటికీ ఒక్కోసారి ఎవరూ ఊహించనంత కింద, పరుపుకు జానెడు పైన ఉంటుంది. పడుకున్న పిల్ల కళ్లు ఉండే ఎత్తు అది. బయటినుంచి చూస్తే వికారంగా ఉందనేవాళ్లు ఒకసారి లోపల పడుకుని చూడాలి.

ఇంత చేసినా పిల్లల పడక పొడవు ఎప్పటికీ తేలదు. నాలుగేళ్లప్పుడు ఎడా పెడా దొర్లిన చోట పదేళ్లకు పాదాలు బీరువాను తంతాయి. ముందుచూపున్నవాళ్లు అందుకే బీరువాను జిగురుతో అతికించరు, స్క్రూలతో నిలుపుతారు. విప్పి అర అడుగు ముందుకు జరపాలి, పొయ్యి తలుపు వైపుకు పోవాలి, గ్యాసు గొట్టం కొత్తది వెయ్యాలి, నేల కన్నం మరో చోట తొలవాలి, అట్టముక్క పట్టుకుని గోడ వంపును మళ్లీ మొదటినుంచి దించుకోవాలి. ఈసారి అట్టను గోడకు ఆనించి పట్టుకునేది ఆ పదేళ్ల పిల్లే.